కనపడదా అవ్వా, చూడలేవా?

ఇంగ్లీషులో మూడే మూడు ముక్కలన్నాను. "షి కాంట్ సీ." ఆ మూడు ముక్కలతో మా అవ్వని రెండు గంటలపాటు తప్పు వరసలో కూర్చోబెట్టాను.

తిరుపతిలో ఒక కంటాసుపత్రి. పేరెందుకు లెండి, తప్పు వాళ్లది కాదు, నాది. సోమవారం పొద్దున, ఇసకేస్తే రాలనంత జనం. ముందు టేబుల్ దగ్గర ఒక కుర్ర డాక్టరు వచ్చినవాళ్లని అడిగి కంప్యూటర్లో కొడుతున్నాడు. ఉత్తరాది అబ్బాయి. తెలుగు రాదు. నా హిందీ సినిమా పాటల వరకే. ఇంగ్లీషే దిక్కు. ఏమిటి సమస్య అన్నాడు. నేను అవ్వ వైపు తిరిగాను. కొంగు కంటికి అడ్డం పెట్టుకుని, తల దించుకుని అంది:

"చూడలేకుండా ఉండామే పాపా."

నేను ఇంగ్లీషులోకి మార్చేశాను. షి కాంట్ సీ. ఎన్నాళ్లనుంచి అన్నాడు. అవ్వకి ఏడాదిగా కాస్త మసగ్గా ఉంది కదా, ఏడాది నుంచి, ఇప్పుడు ఎక్కువైంది అని చెప్పాను. దాటిపోతున్న వయసు, ఏడాదిగా చూపు తగ్గింది. ఆయన స్థానంలో ఎవరున్నా శుక్లాలే అనుకుంటారు. ఫైలు చేతికిచ్చి, చూపు పరీక్ష వరస చూపించాడు.

రెండు గంటలు కూర్చున్నాం. చెబితే నవ్వుతారు, ఆ రెండు గంటలూ నేను బ్యాగులోంచి ఐఈఎల్‌టీఎస్ పుస్తకం తీసి చదువుకుంటున్నా. అందులో ఒక పేజీ నిండా 'సీ' అనే క్రియకి సమానార్థకాలు. లుక్, వాచ్, గేజ్, స్టేర్, గ్లాన్స్, పీర్, బిహోల్డ్... పక్కన పెన్సిలుతో నేనే రాసుకున్న తెలుగు: చూచుట, చూచుట, చూచుట, తేరి చూచుట, చూచుట.

పదకొండున్నరకి పాలమనేరు వైపు యాసతో ఒక సిస్టరమ్మ పేరు పిలిచింది. అవ్వ ముఖం మీద కొంగు కాస్త పక్కకి తీసి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"కనపడదా అవ్వా, చూడలేవా?"

"కనపడతాదిమ్మా. వెలుతురుకే తేరి చూడలేకుండా ఉండా. కన్ను తెరిస్తే సూదుల్తో పొడిచినట్టు ఉండాది. మొన్న చెరుకాకు కొట్టుకునింది."

సిస్టరమ్మ నా వైపు చూసిన చూపుకి ఇంగ్లీషులో ఏ క్రియ వాడాలో నాకప్పుడే తెలిసింది. గ్లేర్.

అయిదు నిమిషాల్లో అవ్వ పెద్ద డాక్టరు ముందుంది. కంట్లో పసుపుపచ్చ రంగు చుక్క వేసి, నీలం లైటు పెట్టారు. నల్లగుడ్డు మీద చిన్న మచ్చ పచ్చగా మెరిసింది. పుండు. చెరుకాకు అంచు బ్లేడులాగుంటుంది. అది గీసిన చోట ఫంగస్ చేరింది. చిత్తూరు చుట్టుపక్కల చెరుకు, వరి, పొలం పని చేసే వాళ్లలో ఇది కొత్తేం కాదని డాక్టరమ్మ చెప్పింది. మూడు రోజులుగా మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు వేస్తున్నామని చెబితే ఆ సీసా చూపించమంది. స్టీరాయిడ్ ఉన్న చుక్కలు ఇలాంటి పుండుని మాన్పవు, పెంచుతాయట. సీసా చూసి ఇది అది కాదులే అనేదాకా నాకు ఊపిరాడలేదు. పుండుని కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూశారు. ఫంగస్‌కి వేసే చుక్కలు రాసిచ్చారు. గంటకోసారి వెయ్యాలి, రాత్రి లేచి కూడా.

రెండు గంటల ఆలస్యంతో ఏమీ అయిపోలేదు. కానీ ఆ రోజు శుక్లాల వరసలోనే పరీక్షలు చేసి, రేపు రండి అనుంటే? మేం ఇంటికెళ్లిపోయి, ఇంకో రెండు రోజులు పోయి వచ్చుంటే? నల్లగుడ్డు మీద పుండుకి రోజులు లెక్క.

ఒక కుట్టు ఉంది, మనకి కనపడలేదు

ఇంటికొచ్చాక నా పెన్సిలు రాతల్ని మళ్లీ తిరగేశాను. బళ్లో మనకి చెప్పింది ఏమిటి? సీ అంటే చూచుట. లుక్ అంటే చూచుట. వాచ్ అంటే చూచుట. ఇంగ్లీషు వాళ్లకి ఇన్ని మాటలెందుకో, మనకి ఒక్కటి సరిపోతుంది కదా అనుకుంటూ పెరిగాం. అది అబద్ధం. మనకి ఒక్కటి ఎప్పుడూ సరిపోలేదు.

"నేను చూశాను" అంటాం. "నాకు కనపడింది" అంటాం. మొదటిదాంట్లో 'నేను'. పని నాది. కన్ను తిప్పింది నేను. రెండోదాంట్లో 'నాకు'. నాకు ఆకలేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు గుర్తొచ్చింది. వాటి లాగే నాకు కనపడింది. నేను చేసిందేం లేదు, అదే వచ్చి నా కంట పడింది. లుక్‌కీ సీకీ మధ్య తేడా సరిగ్గా ఇదే. లుక్ అంటే కన్ను తిప్పడం. సీ అంటే కంట పడడం. అందుకే ఇంగ్లీషులో ఐ లుక్డ్ బట్ ఐ డిడ్ంట్ సీ అనొచ్చు. మా చిత్తూరు మాటలో చూస్తే అగపడలా.

చెవికీ అంతే. విన్నాను, వినపడింది. లిజన్, హియర్. ఈ జత తెలిస్తే ఆ జత ఎవరూ నేర్పక్కర్లేదు.

అవ్వ అన్నది 'చూడలేను'. కన్ను తిప్పే పని చెయ్యలేను, వెలుతురు వైపు చూపు నిలపలేను. 'కనపడదు' అనలేదు. నేనేమో కనపడదు అనే అర్థం వచ్చే మాట వాడాను. షి కాంట్ లుక్ ఎట్ లైట్, ఇట్ హర్ట్స్ అని ఉంటే ఆ కుర్ర డాక్టరు కుర్చీలోంచి లేచేవాడు. ఎర్రబడి, నొప్పెట్టి, వెలుతురు చూడలేని కన్ను వేరే జబ్బు, నొప్పి లేకుండా మసకబారే కన్ను వేరే జబ్బు.

ఇంకో సంగతి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఆ అబ్బాయి హిందీలో కూడా ఈ తేడా ఉంది. దిఖ్‌నా, దేఖ్‌నా. పక్కనే చెన్నై నుంచి ఎవరైనా వచ్చుంటే తమిళంలో కూడా ఉంది. తెరియలె, పాక్క ముడియలె. ఆయనకీ తెలిసిన తేడానే, నాకూ తెలిసిన తేడానే, అసలు ఇంగ్లీషుకి కూడా తెలిసిన తేడానే. మేమిద్దరం మధ్యలో బళ్లో నేర్చుకున్న పట్టికలతో మాట్లాడుకున్నాం. అందులో ఆ కుట్టు కలిసిపోయింది.

జరగండి, జరగండి

తిరుపతిలో ఉంటూ చూడడం గురించి రాస్తూ కొండ మాట ఎత్తకపోతే బాగోదు.

గంటల తరబడి కంపార్టుమెంట్లో కూర్చుని, బంగారువాకిలి దాటి, జయవిజయుల్ని దాటి లోపలికి వెళ్లాక మనకి దొరికేది ఎంత? కొన్ని సెకన్లు. 'జరగండి జరగండి' అని ఒక చెయ్యి భుజం మీద పడేలోపు. దీనికి ఇంగ్లీషులో గ్లాన్స్ అనాలా, గ్లింప్స్ అనాలా? రెండూ రెప్పపాటు చూపులే. గ్లాన్స్ మనం వేసేది. ఆటోలో పోతూ ఫోన్లో టైం మీద ఒక చూపు వేస్తాం, అది గ్లాన్స్. గ్లింప్స్ మనకి దొరికేది. తొక్కిసలాటలో ముందువాళ్ల తలల మధ్య నుంచి ఒక్క క్షణం స్వామి కిరీటం తళుక్కుమంది చూడండి, అది గ్లింప్స్. మళ్లీ అదే కుట్టు. ఒకటి లుక్ ఇంటి పిల్ల, ఇంకోటి సీ ఇంటి పిల్ల. అందుకే గ్లింప్స్ పక్కన 'క్యాచ్' వస్తుంది. పట్టుకోవాలి దాన్ని, దొరికితే.

కొండ మీద మనవాళ్లు 'దర్శనం' అనే ఒక్క మాటకి ఎన్ని ఛాయలు పెట్టారో ఎప్పుడైనా గమనించారా? సర్వదర్శనం, దివ్యదర్శనం, మూడొందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, బ్రేక్ దర్శనం. ఇవన్నీ ఎవరు, ఎలా వెళ్తారన్నదాన్ని బట్టి. లఘు, మహాలఘు అన్నవి ఎంత దూరం నుంచి చూస్తామన్నదాన్ని బట్టి. మహాలఘు అంటే ఇంకా దూరం నుంచి, ఇంకా తక్కువసేపు. పేరులోనేమో 'మహా' ఉంటుంది, మొదటిసారి విన్నవాళ్లు సంబరపడతారు పాపం. గురువారం నాడైతే ఆభరణాలు సడలించి, కళ్లని సగం కప్పేసే పెద్ద నామాన్ని సన్నం చేస్తారు. ఆ రోజు స్వామి కళ్లు కనపడతాయి. దానికి నేత్రదర్శనం అని పేరు.

మా అవ్వ నేత్రదర్శనం గురించి చెప్పేటప్పుడు 'స్వామిని చూసినా' అనదు. 'స్వామి నన్ను చూసినాడు' అంటుంది. చిన్నప్పుడు అది అవ్వ ముచ్చట అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే తెలుగులో చూపు రెండు వైపులా నడుస్తుంది. ఇంగ్లీషులో జ్వరమొస్తే సీ ఎ డాక్టర్. డాక్టర్ని నువ్వు చూడాలి. మనం డాక్టరుకి చూపించుకుంటాం. అక్కడ చూసేది డాక్టరు, మనం ఊరికే నిలబడే వాళ్లం. చూపించుకో అనే ఆ ఒక్క మాటని ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పమంటే నా దగ్గర లేదు.

శ్రీకాళహస్తిలో కొండ మీద కన్నప్ప గుడి ఉంది. కథ మీకు తెలుసు. 1976లో బాపు తీసిన సినిమా మీ నాన్నవాళ్లు చూసుంటారు, 2025లో వచ్చింది మీరు చూసుంటారు. లింగం కంట రక్తం కారితే తిన్నడు తన కన్ను పెకిలించి పెట్టాడు. రెండో కంట కూడా కారడం మొదలైంది. రెండోదీ ఇచ్చేస్తే ఇక ఎక్కడ పెట్టాలో కనపడదు కదా? అందుకని గుర్తుకి కాలు ఆనించాడు. భక్తి సంగతి పక్కన పెట్టి చూడండి. తన చూపు పోతుందన్న భయం కంటే, పెట్టాల్సిన చోటు తప్పిపోతుందేమో అన్న భయం ఎక్కువైంది ఆ వేటగాడికి. గంటకోసారి అవ్వ కంట్లో చుక్కలేస్తూ, అర్ధరాత్రి సెల్ టార్చి వెలుగు చేత్తో మూసుకుంటూ, నాకు గుర్తొచ్చింది ఆ కాలే.

మెలకువే వాచ్

అసలు ఇష్టమైన మాట ఇంకోటుంది. వాచ్.

లుక్‌కి క్షణం చాలు. వాచ్‌కి కాలం కావాలి. కదిలేదాన్ని, మారేదాన్ని, ఏమవుతుందో అని కనిపెట్టుకుని ఉండడం. క్రికెట్ వాచ్ చేస్తాం, గోడ మీద ఫోటోని వాచ్ చెయ్యం. పాత ఇంగ్లీషులో ఈ మాటకీ 'వేక్' అనే మాటకీ ఒకటే వేరు. వాచ్ అంటే మేలుకుని ఉండడం. కాపలావాడు వాచ్‌మన్ అయింది అందుకే. శివరాత్రికి కాళహస్తిలో మనం చేసే జాగారం అసలైన వాచ్. ఆ వారం రోజులూ రాత్రి అలారం పెట్టుకుని లేచి చుక్కలేసిన నాకు ఈ నిఘంటువు సంగతి ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

మిగతావి మీకు రోజూ ఎదురయ్యేవే. బస్టాండులో అమ్మాయిని కుర్రాళ్లు గుడ్లప్పగించి చూస్తే స్టేర్. అది తప్పు, ఏ భాషలోనైనా. వానాకాలంలో కపిలతీర్థం దగ్గర నీళ్లు దూకుతుంటే కళ్లార్పకుండా నిలబడిపోతే గేజ్. రెండిట్లో కన్ను అలాగే నిలిచి ఉంటుంది, లోపల ఉన్నదే వేరు. తలుపు సందులోంచి తొంగి చూస్తే పీప్. బస్సు బోర్డు మీద 'పుత్తూరా, పూతలపట్టా' అని కళ్లు చిట్లించి చూస్తే పీర్. మా అవ్వ ఏడాదిగా చేస్తున్నది అదే.

ఒక చిన్న హెచ్చరిక. ఇంగ్లీషులో సీకి సాధారణంగా 'ఐఎన్‌జీ' తగిలించరు. కొండ కనపడుతోంది అనడానికి ఐ యామ్ సీయింగ్ ద హిల్ అనకండి, ఐ కెన్ సీ చాలు. కంట పడడం నువ్వు చేసే పని కాదు కాబట్టి, చేస్తూ ఉన్నాను అనడం కుదరదు. ఇది కూడా ఆ 'నాకు' సంగతే. పైగా ఐ యామ్ సీయింగ్ హర్ అంటే ఆ పిల్లతో ప్రేమలో ఉన్నానని. మా క్లాసులో ఒకడు మాక్ ఇంటర్వ్యూలో మేడం గురించి అలా అనేసి, ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపులో బలవుతున్నాడు.

ఇంటర్వ్యూ అన్నానా? ఆ మాట పుట్టింది ఫ్రెంచిలో, ఒకర్నొకరు చూసుకోవడం అనే అర్థంతో. అంటే అక్షరాలా పెళ్లిచూపులే. వీసా అన్నది లాటిన్ మాట, 'చూడబడినది'. కాగితాలు చూశాం, సరే అని వేసే ముద్ర. మనం ఇంతమందిమి ఇన్ని వేలు కట్టి ఐఈఎల్‌టీఎస్ రాసేది, చివరికి ఎవరో ఒకరు చూశామని ముద్ర వెయ్యడానికే అన్నమాట.

తిని చూడు

మరి మన 'చూడు' చేసే పనులు ఇంగ్లీషు సీకి చేతకావు. దోసె తిని చూడు, చొక్కా వేసి చూడు, ఫోన్ చేసి చూడు. ఇక్కడ కన్నుతో పనే లేదు. ప్రయత్నించు అని అర్థం. ఇంగ్లీషులో ట్రై అనాలి. మా కుప్పం వైపు వెళ్తే ఒకే బజారులో మూడు భాషలూ ఇదే అంటాయి. తెలుగులో తిని చూడు, తమిళంలో సాప్పిట్టు పారు, కన్నడంలో తిందు నోడు. మూడు రాష్ట్రాలు కలిసే ఆ ఊళ్లో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడం ఊరికే కాదు. హిందీవాళ్లు కూడా కర్‌కే దేఖో అంటారు.

రుచి చూడు, నాడి చూడు, ఎదురుచూడు, అమ్మని చూసుకో. చివరిది లుక్ ఆఫ్టర్. 'చూద్దాం' అయితే చాలా ప్రమాదకరమైన మాట. మా మామని అప్పు అడిగితే చూద్దాంలే అన్నాడనుకోండి, ఇంగ్లీషులో దానికి సరైన అనువాదం నో.

పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా ప్రపంచమంతా తిరిగి ఇంగ్లీషులో మాట్లాడింది చాలా వరకు ఈ ఒక్క పని గురించే. చెట్టుని చూసేటప్పుడు దాని పేరు మధ్యలో అడ్డం రాకుండా చూడగలమా అనేవాడు. రిషీవ్యాలీకి ఒకసారి కాలేజీ ట్రిప్పులో వెళ్లినప్పుడు నాకిది ఒక ముక్క కూడా అర్థం కాలేదు. ఆసుపత్రి వరసలో కూర్చున్నప్పుడు కొంచెం అర్థమైంది. పెద్దావిడ, చూపు, శుక్లాలు. పేరు ముందొచ్చి కూర్చుంది. కొంగు పక్కకి తీసి కన్నుని చూసింది సిస్టరమ్మ ఒక్కతే.

మీలో చాలామంది ఇళ్లల్లో డాక్టరు దగ్గరికి వెళ్తే దుబాసీ మీరే. ఇంగ్లీషొచ్చింది మీకొక్కరికే కాబట్టి. నేనిప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నా. అవ్వ ఏమంటే ఆ మాట ముందు తెలుగులోనే ఇంకోసారి అడుగుతా. కనపడదా, చూడలేవా? నొప్పా, మంటా, దురదా, గరగరా? ఒకటేనా, రెండు కళ్లా? ఎప్పట్నుంచి, ఏం తగిలింది? ఆ తర్వాతే ఇంగ్లీషు. అది మహా అయితే అరనిమిషం.

పోయిన వారం మూడోసారి చూపించుకుని వచ్చాం. పుండు మానింది. నల్లగుడ్డు మీద చిన్న తెల్లమచ్చ మిగిలింది, కొంచెం మసక ఉంటుందన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటిచ్చాను. చంద్రగిరి దాటాక కొండ వైపు ముఖం పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"చూస్తా ఉండావా అవ్వా?"

"చూస్తా ఉండాలే. కోట అగపడతా ఉంది. ఆ మీద నల్లంగా ఉండేది మోడమా, కొండా?"

నేనూ కళ్లు చిట్లించి చూశాను. నాకూ తెలీలేదు.